ఒడవని స్నానాల గది

నిజామాబాదు
3 ఫిబ్రవరి 1964

సత్తీ, నా బంగారు తల్లీ,

మీ ఆయన బోధన్ బస్సెక్కి పదిరోజులైంది. క్షేమంగా చేరాడని ఒక కార్డు ముక్కైనా రాయవేమే? పదిహేడు రోజులు మా ఇంట్లో ఉండి, పూటపూటా నా జొన్నరొట్టె తిని, ‘వదినె రొట్టె ముంగట నా పెండ్లాం రొట్టె ఏం పనికొస్తది’ అని పొగిడి మరీ పోయాడు. ఆ మాట నీతో చెప్పి ఉండడు. అందుకే నేను చెబుతున్నాను. కాస్త మండిపడు, నాకు సంతోషంగా ఉంటుంది.

పెరట్లో తడక చాటున నిలబడి నీళ్లు పోసుకునే తిప్పలు మాకు తప్పాయి. మా అత్తమ్మ భూమవ్వ సంగతి చెప్పాలా! వాడకట్టులోని ఆడవాళ్లందరినీ పిలిచి కొత్త స్నానాల గది చూపించింది. ‘మా కోడలి చెల్లె మొగడు రాజలింగు చేసిండు. బోధన్ల దొరల బంగ్లాలన్నీ గాయనే చేసుడు’ అని గొప్పలు పోయింది.

ఇక అసలు సంగతి. ఎట్లా రాయాలో తెలియక మూడు రోజులుగా ఈ కాగితాన్ని బడికి పట్టుకుపోయి అట్లాగే వెనక్కి తెస్తున్నాను. ఊరి పిల్లలందరి వ్యాసాలు దిద్దేదాన్ని, చెల్లెలికి నాలుగు ముక్కలు రాయలేకపోతున్నాను.

గది పని బాగా రాలేదు సత్తీ. కింద పరిచిన బిళ్లలు ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. అంచులు కాలివేళ్లకు కొట్టుకుంటున్నాయి. నీళ్లు బయటికి పోయే మోరి వైపు పారవు, గుమ్మం దగ్గర మడుగు కడతాయి. గోడకు అతికించిన పింగాణీ బిళ్లలు మూడు ఊడిపడ్డాయి. మిగతావి వేలితో కొడితే డొల్ల చప్పుడు. మీ బావ సికింద్రాబాదు పోయి ఒక్కొక్కటీ గడ్డిలో చుట్టి తెచ్చిన బిళ్లలవి.

పని జరిగేటప్పుడే మీ బావ అడిగాడు, ‘మట్టపు బద్ద పెట్టి చూసుకోవా రాజలింగూ?’ అని. ‘నా వేలుండంగ బద్ద ఎందుకన్నా’ అన్నాడు. ఆ మాట నిజమే కదా. మన బాపు ఇంట్లో ఆయన బండలు పరిచినప్పుడు చూశాను, కళ్లు మూసుకుని రెండు బండలు కలిసే చోట వేలు గీసేవాడు. వెంట్రుకంత అంచు తగిలినా బండ ఎత్తి మళ్లీ పరిచేవాడు. అటువంటి వాడికి ఏమైందో నాకు అర్థం కావడం లేదు.

కోపంతో రాయడం లేదు తల్లీ. అన్నం తిన్నాక, మంచి మాటల్లో పెట్టి చెప్పు. వీలు చూసుకుని వచ్చి సరిచేస్తే చాలు.

నీ అక్క
రేణుక

*

బోధన్
11 ఫిబ్రవరి 1964

అక్కగారికి సత్తవ్వ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఆయనకు చదువు రాదని మీకు తెలుసు. నేనే చదివి వినిపించాను. అన్నం తిన్నాక చెప్పమన్నారు, అట్లాగే చెప్పాను. మరునాడు రెండు పూటలా తినలేదు.

బావ తెచ్చిన సిమెంటు సంచికి చెమ్మ తగిలి సగం గడ్డకట్టి ఉందట. అటువంటి సిమెంటుతో అతికిస్తే బిళ్లలు ఊడక ఏం చేస్తాయి? మోరి కూడా మీరు చెప్పిన వైపే తీశాడట. అది ఎత్తున ఉందని ఆయన అప్పుడే అన్నాడట. ఇంటివాళ్లు కదా అని గట్టిగా చెప్పలేకపోయాడు.

పద్నాలుగేళ్లుగా ఇళ్లు కట్టే సుతారి పని చేస్తున్నాడు. ఇంతవరకు ఆయన పనికి వంక పెట్టినవాళ్లు లేరు. మొదటిసారి మా అక్కగారి ఇంటి నుంచే ఆ మాట వచ్చింది.

చలికి చేతులు కొంచెం తిమ్మిరెక్కుతున్నాయి, అంతకంటే ఏమీ లేదు. చెరుకు గానుగల కాలం కదా, ఇక్కడ పని తెరిపి లేకుండా ఉంది. ఇప్పట్లో రావడం కుదరదు.

నా రొట్టె గురించి రాశారు. నాకు మండలేదు.

సత్తవ్వ

*

నిజామాబాదు
20 ఫిబ్రవరి 1964

సత్తవ్వా,

అక్కగారూ, మీరూ! ఎన్నడు నేర్చావే ఈ మర్యాదలు? నా చంకనెక్కి పెరిగినదానివి.

సిమెంటు సంచి మీ బావ తీసుకున్న నాడే మా ఇంటికి వచ్చింది, ఆ నాడే మీ ఆయన విప్పాడు. నా కళ్లముందే జల్లెడ పట్టాడు, పిండిలాగా ఉంది. నా మీద కోపముంటే కోపమని రాయి. లేనిపోనివి మీ బావ మీద వేయకు.

నీకు చెప్పకూడదనుకున్నాను, ఇప్పుడు చెబుతున్నాను. ఆదివారం పొద్దున మా అత్తమ్మ ఆ గుమ్మం దగ్గరి నీళ్లలో జారిపడింది. మోకాలు వాచి కుండంత అయింది. నాలుగు రోజులుగా మంచం మీదే. ఇన్నాళ్లూ వాడకట్టంతా తిరిగి మీ ఆయనను పొగిడిన మనిషి, ఇప్పుడు మూలుగుతూ ఏమంటుందో తెలుసా? ‘రాజలింగు మనసు వెట్టి చేయలేదు బిడ్డా, మనోళ్లే గద అని ఎట్లనో గట్ల చేసిండు.’

నాకు బాధగా ఉంది. ఒక్క రోజు వచ్చి చూస్తే ఏం పోయేది? ఇక మీకోసం చూడను. చంద్రయ్య అనే సుతారిని పిలిచాను. సోమవారం నుంచి బిళ్లలన్నీ తీసి మళ్లీ వేస్తాడు.

రేణుక

*

బోధన్
24 ఫిబ్రవరి 1964

అక్కగారికి,

ఇల్లు మీది, గది మీది. ఎవరినైనా పిలుచుకోండి.

భూమవ్వ అత్తమ్మ మోకాలికి పచ్చి పసుపుకొమ్ము నూరి, వేడిచేసి కట్టండి. వేల్పూరు కొమ్ములు మా ఇంట్లో ఉన్నాయి, బస్సులో వచ్చేవాళ్లతో పంపుతున్నాను.

సత్తవ్వ

*

నిజామాబాదు
27 ఫిబ్రవరి 1964

నా సత్తీ,

ఇది కార్డు మీద రాసే మాట కాదు, అందుకే కవరులో పెట్టాను. ఇది మాత్రం ఆయనకు చదివి వినిపించకు. నువ్వొక్కదానివే చదువు.

చంద్రయ్య సోమవారం వచ్చాడు. ఒక మూల నుంచి బిళ్లలు తీయడం మొదలుపెట్టాడు. పది పదిహేను తీశాక పని ఆపి నన్ను పిలిచాడు. బిళ్లలు బోర్లా తిప్పి వరసగా పెట్టాడు. ఒక్కొక్కదాని వెనక గోధుమరంగు మరకలు. కొన్నిటి మీద వేలిముద్రలు కూడా అచ్చు దిగి ఉన్నాయి.

‘ఏందివి చంద్రయ్యా, తుప్పా?’ అన్నాను.

‘నెత్తురమ్మా. బిళ్ల అంచు కత్తోలె ఉంటది. గీ పని చేసినాయన వేలు తెగింది. ఒక్కపారి గాదు, మస్తు సార్లు తెగింది. తెగినట్టు తెలిస్తే ఎవడన్న గుడ్డ కట్టుకుంటడు గద? గీయనకు తెల్వనే తెల్వలే. నెత్తురంత సిమెంట్ల కలుపుకుంట పరుసుకుంట పోయిండు.’

చేతిలోని బిళ్ల కింద పెట్టి మళ్లీ అన్నాడు, ‘మా మేనమామకు గిట్లనే ఉండె.’ జబ్బు పేరు ఎత్తలేదు. మంచి మనిషి.

నేను చంద్రయ్యను పంపించేశాను. పని ఎక్కడిదక్కడే ఆగింది. అప్పటినుంచి నాకు ఒకటే గుర్తొస్తోంది. మీ ఆయన ఇక్కడున్నప్పుడు ఒకనాడు పొయ్యి మీది పప్పుగిన్నె ఒట్టి చేతులతో దించిపెట్టాడు. మసిగుడ్డ లేకుండానే. నేను నవ్వి, ‘సుతారి చెయ్యి అంటే రాతి చెయ్యే’ అన్నాను. ఆయనా నవ్వాడు. బస్సెక్కేనాడు చేతికి తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. ఏమైందని నేను అడగలేదు. గది ఎట్లా వచ్చిందో చూశాను గానీ మనిషిని చూడలేదు.

సత్తీ, నన్ను ఎంతైనా తిట్టు. కానీ దాచకు. నీకు తెలిసింది చెప్పు.

నీ అక్క

*

బోధన్
5 మార్చి 1964

అక్కా,

ఆయన పనికి పోయాడు. తలుపు గొళ్లెం పెట్టుకుని రాస్తున్నాను.

రెండేళ్ల కింద మోచేతి దగ్గర రూపాయి బిళ్లంత తెల్లమచ్చ వచ్చింది. సున్నం పడి అయిందనుకున్నాం. పోయిన దసరాకు మంచం మీద కూర్చుని బీడీ తాగుతూ మాట్లాడుతున్నాడు. నాకు కమురు వాసన వచ్చింది. చూస్తే బీడీ చివరిదాకా కాలి రెండు వేళ్ల మధ్య చర్మం కాలుతోంది. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. నేను అరిస్తే చూసుకుని నవ్వాడు.

ఆ వారమే, మధ్యాహ్నం పడుకుని ఉంటే, సూది తెచ్చి చిటికెన వేలికి గుచ్చాను. కదల్లేదు. ఇంకాస్త లోపలికి గుచ్చాను. నెత్తురు వచ్చింది. గురక ఆగలేదు. కొంగుతో తుడిచి, వంటింట్లోకి పోయి నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాను. ఆ జబ్బు పేరు నేను రాయను అక్కా. నీకు తెలుసు.

నువ్వు గది కట్టాలని రాసినప్పుడు పంపకూడదనే అనుకున్నాను. చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో అప్పటికే రెండు చోట్ల పని చెడింది. ఇంకెక్కడికి పంపినా పేరు పోతుంది. మా అక్క ఇల్లయితే కొంచెం వంకర వచ్చినా కడుపులో పెట్టుకుంటుందని నీ దగ్గరికి పంపాను. నువ్వు వంకర వచ్చిందని రాయగానే భయపడ్డాను. అందుకే సిమెంటు అన్నాను, మోరి అన్నాను. బావను క్షమించమని చెప్పు. ముసలామె మోకాలు తలచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

డిచ్‌పల్లిలో ఆ జబ్బుకున్న దవాఖానకు పోదామని కాళ్లు పట్టుకుని అడిగాను. ‘డిచ్‌పల్లి స్టేషన్ల దిగంగ ఎవడన్న సూస్తే నా చేతికి తాపీ ఎవడిస్తడే? తానం చేసే అర్ర కట్టుమని ఎవడు పిలుస్తడు?’ అంటాడు.  చిటికెన వేలు కొంచెం వంగుతున్నట్టు ఉంది. రోజూ అదే చూస్తున్నాను.

సత్తి

*

నిజామాబాదు
16 మార్చి 1964

నా పిచ్చి సత్తీ,

పేరు నేను రాస్తాను. కుష్టు. రాసినా నా చెయ్యి కాలిపోలేదు చూడు.

శనివారం బడికి సెలవు పెట్టి నేనే డిచ్‌పల్లి పోయాను. రైలు దిగేటప్పుడు తలమీద కొంగు కప్పుకున్నాను, అబద్ధమెందుకు. గేటు దాకా పోయాక నా మీద నాకే అసహ్యం వేసి కొంగు తీసేశాను. అక్కడ ఒక డాక్టరమ్మ గంటసేపు నా మాట విన్నది. చెయ్యి చూస్తే గానీ చెప్పలేనన్నది. అదే అయితే మాత్రలున్నాయట. రోజూ మింగాలి, ఏళ్ల తరబడి మింగాలి. పోయిన స్పర్శ వేళ్లకు మళ్లీ వస్తుందో రాదో చెప్పలేదు. ‘ఇప్పుడే వస్తే చెయ్యి నిలుస్తుంది, పని చేసుకోవచ్చు. సిగ్గుపడి ఏడాది ఆగితే వేళ్లు వంగిపోతాయి’ అన్నది. ఒక ఇంట్లో తినొచ్చా, పడుకోవచ్చా అని అడిగాను. నిక్షేపంగా ఉండమన్నది.

ఇక విను. రైలులో వస్తూ ఆలోచించాను. మా స్నానాల గది సగం తవ్వి ఉంది కదా. అట్లాగే ఉండనీ. మీ ఆయన నెలకోసారి రెండు రోజులు ‘వదినె ఇంట్ల పని సరిచేస్తందుకు పోతున్న’ అని అందరికీ చెప్పి సంచి తగిలించుకుని రావాలి. ఒకరోజు ఇక్కడ నాలుగు బిళ్లలు వేయాలి. మరునాడు డిచ్‌పల్లి పోయి మందు తెచ్చుకోవాలి. ఎవరన్నా అడిగితే పని ఇంకా ఒడవలేదు, సగమే అయింది అనాలి. ఎన్నేళ్లయినా ఒడవదు. నేను ఒడవనివ్వను.

మీ బావకు చెప్పాను.  పడుకునే ముందు, ‘ఎప్పుడొస్తడు?’ అని మాత్రం అడిగాడు. అత్తమ్మకు చెప్పలేదు. ఆమె మడి, ఆచారం నీకు తెలుసు కదా. ఆమె చెవిన పడకూడదు.

అక్క

*

బోధన్
2 ఏప్రిల్ 1964

అక్కా,

నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ముందు భగ్గుమన్నాడు. ‘నా పని చెడ్డదని ఊరంత నేనే డప్పు కొట్టుకోవాల్నా? ఒక్క అర్ర నెలలకు నెలలు చేస్తున్నడంటే నన్ను సుతారి అంటరా ఎవలన్న?’ అన్నాడు.

‘నవ్వెటోళ్లు నవ్వనీ. నాకు నీ చెయ్యి కావాలె’ అన్నాను. 

గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తర్వాత అడిగాడు, ‘వదినెకు తెలిసినంక గూడ గా ఇంట్ల నేను మంచినీళ్లు తాగొచ్చునా?’ నేను నీ ఉత్తరంలో ‘నిక్షేపంగా’ అన్న మాట మళ్లీ చదివాను. దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

వచ్చే గురువారం పొద్దుటి బస్సుకు వస్తున్నాడు. తాపీ, సుత్తె అన్నీ సంచిలో పెట్టుకున్నాడు. సంచికి పసుపు పెట్టి పంపుతున్నాను. నాకు వేరే దేవుడెవరూ గుర్తుకు రావడం లేదు, నీ పేరు తలచుకునే పంపుతున్నాను.

సత్తి

*

నిజామాబాదు
30 ఆగస్టు 1964

బంగారు తల్లీ,

మీ ఆయన ఇప్పుడే బస్సెక్కాడు. మాత్రలు లెక్కగా మింగుతున్నాడని డాక్టరమ్మ మెచ్చుకుంది. చేతులు రోజుకు మూడుసార్లు కళ్లతో చూసుకోమంది, వేడి గిన్నె ముట్టుకోవద్దంది, తాపీ పిడికి గుడ్డ చుట్టమంది. చుట్టించే బాధ్యత నీది.

ఇక్కడ నా అవస్థ విను. అబద్ధాలాడి ఆడి నేను ఆరితేరిపోయాను. మొన్న ఎదురింటి హన్మవ్వ గోడ మీంచి తొంగి చూసి, ‘ఏం రేణుకమ్మా, చార్మినార్ గూడ గిన్ని దినాలు కట్టిన్రో లేదో! మీ తానాలర్ర ఎప్పుడు ఒడుస్తదమ్మా?’ అని అడిగింది. ‘ఏం చేద్దామక్కా, బిళ్లలు మళ్లీ ఊడినయ్’ అన్నాను. పోయిన నెల చెమ్మ అన్నాను, అంతకుముందు చీమలు అన్నాను. చీమలు సిమెంటు తింటాయా అని మా బడి పంతులమ్మలు నన్ను పట్టుకుని నవ్వారు.

మా అత్తమ్మ నోటికైతే తాళం లేదు. ‘గీ సుతారికి పని రాకపాయె, నీకు సిగ్గు రాకపాయె’ అని రోజూ దండకం. ఆమె జారకుండా గోనెపట్టాలు పరిచాను. అయినా చిత్రం, ఆయన వచ్చిన రోజున మాత్రం ‘ఓ రాజలింగూ’ అని పిలిచి ఆయన చెయ్యి పట్టుకునే గుమ్మం దిగుతుంది. నేను ఊపిరి బిగబట్టుకుని చూస్తుంటాను.

రాత్రి భోజనాలప్పుడు మీ బావ పీట తెచ్చి రాజలింగు పక్కనే వేసుకుంటాడు. ఒక గిన్నెలో కూర ఇద్దరూ వడ్డించుకుంటారు.  

గది మొత్తం ఒక్కసారే తీసి మంచిగా వేస్తానని మీ ఆయన ప్రతిసారీ బతిమాలతాడు. నాలుగు బిళ్లలకు మించితే తాపీ లాక్కుంటున్నాను.

అక్క

*

బోధన్
14 ఫిబ్రవరి 1965

అక్కా,

మచ్చ మాసిపోతోంది. చిటికెన వేలు అంతకన్నా వంగలేదు. అది చెప్పాలని కూర్చున్నాను గానీ చెయ్యి వేరే మాట రాస్తోంది.

మీ స్నానాల గది కథ బోధన్ దాకా పాకింది. నిన్న క్వార్టర్ల పని చూసే గుత్తేదారు అందరి ముందు అన్నాడట, ‘నీ వదినె ఇంట్ల ఒక్క అర్ర ఏడాది సంది ఒడుస్తలేదట గదా, మా క్వార్టర్లు నీకిస్తే మా మనుమలు వచ్చి చేరాల్నా?’ అని. అందరూ నవ్వారట. బిళ్లల పని వేరేవాళ్లకు ఇచ్చి ఈయనను గోడలకు సున్నం వేయమన్నారు.

అక్కా, రోగం ఖాయమని డాక్టరమ్మ చెప్పిన రోజు ఆయన ఏడవలేదు. నిన్న ఏడ్చాడు. ‘రోగమున్నదంటే ఉన్నదనుకోనీ. పని రాదంటే మాత్రం నేను బతకలేనే సత్తవ్వా’ అన్నాడు. ఎన్నేళ్ల కింద ఎక్కడ ఏ బండలు పరిచాడో, వేల్పూరులో ఎవరి ఇల్లో, నందిపేటలో ఎవరి వాకిలో, అన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ కూర్చున్నాడు.

మట్టపు బద్ద కొన్నాడు. వేలికి తెలియనిది కంటితో చూడడం నేర్చుకుంటున్నాడు. మా వాకిట్లో బండలు పరిచి, తీసి, మళ్లీ పరుస్తాడు. చక్కగా వస్తున్నాయి. చూసేవాళ్లే లేరు.

చెయ్యి నిలిచింది. మనిషి కుంగిపోతున్నాడు. ఇంకో ఏడాది ఈ అబద్ధం మోయగలడా? నువ్వే చెప్పు.

సత్తి

*

నిజామాబాదు
21 నవంబరు 1965

సత్తీ,

మీ ఆయన ఇంకా రెండు రోజులు ఇక్కడే ఉంటాడు. ఆయన వచ్చి చెప్పేలోపు నేనే చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదువు. ఈ అబద్ధం ఇంకెన్నాళ్లు మోయగలడని నువ్వు అడిగావు, నేను నెలనెలా జరుపుతూ వచ్చాను.

హన్మవ్వ భర్త దేవన్న కొత్త ఇల్లు కడుతున్నాడు. నిన్న పొద్దున తన సుతారిని వెంటబెట్టుకుని మా పెరట్లోకి వచ్చాడు. వెనక హన్మవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. రాజలింగు లోపల గోడ కడుగుతున్నాడు. దేవన్న గుమ్మంలో నిలబడి తన సుతారితో, ‘గిది సూడు. మా ఇంట్ల గిట్ల చేయొద్దని చెప్తందుకే తోలుకొచ్చిన’ అన్నాడు. హేళనగా కూడా కాదు, మామూలుగా అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది.

నేను అడ్డం పోయేలోపే రాజలింగు బయటికి వచ్చాడు. చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

‘దేవన్నా, గీ అర్ర నేనే చేసిన. వంకర వచ్చింది, నిజమే. పని రాక గాదు. నా చేతికి కుష్టు వచ్చింది. బిళ్ల కోస్తే గూడ వేలుకు తెల్వకుండె. ఏడాదిన్నర సంది డిచ్‌పల్లిల మందు తింటున్న. ఒడవంది పని గాదు, నా మందు. వేల్పూర్ల నేను పరిచిన బండలున్నయ్. పోయి సూడు. సూది దూరేంత సందు కనవడితే గీ చెయ్యి నరుకు.’

 హన్మవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. ఒకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. దేవన్న సుతారి మాత్రం తలవంచుకుని నిలబడ్డాడు.  అత్తమ్మ మంచం దిగి రావడం అప్పుడు చూశాను. అన్నీ విన్నది.

‘ఏ చెయ్యి?’ అన్నది.

రాజలింగు రెండు చేతులూ వెనక దాచుకున్నాడు. ‘వద్దు పెద్దమ్మా.’

‘సూపెట్టమన్న గదా!’

ఆ కుడిచెయ్యి లాగి పట్టుకుంది. వేళ్ల మీది గాట్లన్నీ ఒక్కొక్కటే తడిమింది. ‘గీ చెయ్యి వట్టుకొనే గదరా నేను నెలనెలా గా గడప దిగుతున్న. ఇంట్ల అందరికీ తెలుసు. నాకొక్కదానికే చెప్పకపోతిరి. నేనేమన్న పరాయిదాన్నా?’ అని బోరుమన్నది. నన్ను చూసి, ‘పంతులమ్మవు, గింతేనా నీ తెలివి’ అన్నది. తరువాత దేవన్న వైపు తిరిగి, ‘నువ్వింకేం సూస్తవ్? పని చేసేటోనికి అడ్డం నిలవడకు’ అని గద్దించింది. నేను ఇన్నేళ్లు భయపడింది ఈ మనిషికేనా అనిపించింది సత్తీ. ఆమె కాళ్లకు దండం పెట్టాను.

అందరూ పోయాక రాజలింగు నా ముందుకు వచ్చి, ‘వదినె, ఇగ నన్ను ఒడగొట్టనియ్యి’ అన్నాడు. తాపీ నేనే చేతికి ఇచ్చాను.

నేలంతా పెరికేశాడు. నిన్న సాయంత్రం దాకా, మళ్లీ ఇవాళ తెల్లవారినప్పటి నుంచి, బద్ద పెట్టి, దారం కట్టి, నేల మీద చెంప ఆనించి చూసి ఒక్కొక్కటే పరిచాడు. మధ్యాహ్నానికి నన్ను పిలిచి, ‘వదినె, కండ్లు మూసుకొని వేలు గీసి సూడు’ అన్నాడు.

మోకాళ్ల మీద కూర్చుని గీశాను. అన్నీ నున్నగా ఉన్నాయి. మోరి దగ్గర ఒక్కచోట వేలికి అంచు తగిలింది, వెంట్రుకంత. కళ్లు తెరిస్తే ఆయన నా ముఖమే చూస్తున్నాడు. బాగుందని అనేయాలని నోటిదాకా వచ్చింది. ఏడాదిన్నరగా ఊరందరికీ అబద్ధం చెప్పిన నోరు నాది. ఆ ఒక్కటి చెప్పలేకపోయాను.

‘ఇక్కడ తగులుతోంది’ అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది సత్తీ. బిళ్ల ఎత్తి మళ్లీ పరిచాడు.

అక్క

*

బోధన్
9 జనవరి 1966

అక్కా,

ఆ రోజు ఆయన ఇంటికి రాకముందే జబ్బు వార్త ఇక్కడికి చేరింది. మా పక్కింటి ఈరవ్వ బావి దగ్గర నా బిందె పక్కన తన బిందె పెట్టడం మానేసింది. బాధే, కానీ దాచుకున్నప్పటి బాధ కంటే తక్కువే. ఇప్పుడు రాత్రి నిద్ర పడుతోంది.

ఆయన ఇంటింటికీ పోయి పని అడుగుతున్నాడు. వాళ్లు అడగకముందే తానే చెబుతాడు, ‘నాకు గీ జబ్బుండె, మందు తింటున్న, పని గిట్ల చేస్త’ అని. మూడు ఇళ్లవాళ్లు వద్దన్నారు. కాలువ దగ్గర పొలాలున్న ఆంధ్రా రైతు చెంచురామయ్య గారు రెండు రోజులు ఆలోచించుకుని కబురు పంపారు. ‘ఇంతవరకు ఏ మేస్త్రీ తన లోపం తాను చెప్పడం నేను చూళ్లేదయ్యా. మా స్నానాల గది నువ్వే వెయ్యి’ అన్నారు.

నేనూ వెంట పోతున్నాను. ఆయన బద్ద పెట్టి పరుస్తాడు. నేను కళ్లు మూసుకుని వేలు గీస్తాను. మొదటి రోజు ఒకటి రెండు చోట్ల తగిలింది. అప్పటికే అలసిపోయి ఉన్నాడు, నడుం పట్టుకుని లేస్తున్నాడు. నాకు ప్రాణం ఒప్పక, ‘మంచిగనే ఉంది’ అన్నాను.

నా ముఖం చూశాడు. ‘గట్ల గాదే. మీ అక్క చెప్పినట్టు చెప్పు’ అన్నాడు.

మళ్లీ కూర్చుని మొదటి నుంచి గీసుకుంటూ వచ్చాను. ఆ రోజు ఆయనతో పదకొండు బిళ్లలు తీయించాను. పదకొండూ మళ్లీ పరిచాడు.

నీ సత్తి